మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం నాలుగు సెకన్లలో కూలింది, తప్పెక్కడ జరిగింది? మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

కొత్తరెక్క:

అందరికీ నమస్కారం. చిన్నప్పట్నుంచీ ఎక్కడ విమానం చప్పుడు వినిపించినా తలెత్తి చూసే రకం నేను. ఇన్నేళ్లకి కాస్త తీరిక దొరికి రిమోట్ విమానం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ ఆకారంలో ఉంటుంది, రెక్కలు పొట్ట కింద, ఈ కొస నుంచి ఆ కొసకి 1.1 మీటర్లు, ఫోమ్‌తో చేసినది, నాలుగు ఛానెళ్లు (రిమోట్‌తో విడివిడిగా నడిపేవి నాలుగు), 3ఎస్ 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. అమ్మినాయన రిమోట్ ఇవ్వలేదు, అందుకని రిమోట్, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ కొత్తవి కొని నేనే బైండ్ (జత) చేసుకున్నా. మూడు నెలలుగా వీడియోలు చూస్తున్నా, ఏ స్టిక్ ఏం చేస్తుందో కంఠతా వచ్చు, ఇంకేముంది ఎగరేసేయొచ్చు అనుకున్నా.

మొన్న పొద్దున్నే గాలి పెద్దగా లేనప్పుడు ఖాళీ మైదానానికి వెళ్లాం. బ్యాటరీని దాని గూట్లో ముందుకి తోస్తే వైర్లు మడతపడి మూత పడట్లేదు, కాస్త వెనక్కి జరిపి మూత వేశాను. స్టిక్కులు కదిపితే అన్నీ కదులుతున్నాయి. థ్రాటిల్ (మోటార్ వేగం) పూర్తిగా ఇచ్చాను, నా స్నేహితుడు బలంగా పైకి విసిరాడు. ముక్కు ఎత్తింది, ఇంకా ఎత్తింది, ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు అనిపించింది, అంతలో ఎడమ రెక్క వాలింది. వెంటనే స్టిక్ కుడికి తోశాను. రెక్క లేవాల్సింది పోయి ఇంకా ఎడమకే తిరిగి ముక్కు మీద పడింది. మొత్తం నాలుగు సెకన్లు ఉంటుందేమో. ప్రొపెల్లర్ విరిగింది, మోటార్ బిగించే ప్లాస్టిక్ ముక్క విరిగింది, ముక్కు దగ్గర ఫోమ్ నలిగిపోయింది.

మా అమ్మాయికి పన్నెండేళ్లు. పరిగెత్తుకెళ్లి ముక్కలన్నీ ఏరి తెచ్చి నా చేతిలో పెట్టింది, ఏమీ అనలేదు. అప్పుడు అనిపించింది, ఇది వదిలేయకూడదు, ఇద్దరం కలిసి సరిగ్గా నేర్చుకోవాలి అని.

అసలు ఏం జరిగిందో చెప్పగలరా? ఇదే బాగుచేసుకుని నేర్చుకోవచ్చా, వేరేది తీసుకోవాలా, తీసుకుంటే మూడు ఛానెళ్లా నాలుగా? సిమ్యులేటర్ నిజంగా పనికొస్తుందా లేక వీడియో గేమ్ లాంటిదేనా? ఇంకోటి, ఈ లైపో బ్యాటరీలు అంటుకుంటాయని చదివినప్పట్నుంచి ఇంట్లో ఛార్జ్ చేయాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.


గాలివాటం:

పాప ముక్కలు ఏరి తెచ్చిందన్న చోట ఆగిపోయానండీ. వదలొద్దు. మీరు జరిగింది వరస తప్పకుండా రాశారు కాబట్టి కారణం పట్టుకోవడం కుదురుతుంది, చాలామంది "ఎగరేశా, పడిపోయింది" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు.

నాకు మూడు అనుమానాలున్నాయి. మొదటిది, ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి వాల్చే రెక్క వెనకంచు పలకలు, తిరగబడి ఉండటం. మీరు కొత్త రిమోట్ బైండ్ చేశానన్నారు, "అన్నీ కదులుతున్నాయి" అన్నారు, కానీ ఏ వైపు కదులుతున్నాయో చూశానని రాయలేదు. ప్రొపెల్లర్ విప్పేసి, ఇది తప్పనిసరి, బల్ల మీద మోటార్ ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు తెగుతాయి, విమానం తోక వెనక నిలబడి స్టిక్ కుడికి తొయ్యండి. కుడి ఐలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. ఎలివేటర్ (తోక మీద అడ్డంగా ఉండి ముక్కుని ఎత్తి దించే పలక) స్టిక్ మీ వైపుకి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడికంటే కుడికే. ఒక్కటి తేడా ఉన్నా రిమోట్ మెనూలో ఆ ఛానెల్ రివర్స్ చేస్తే సరిపోతుంది.

రెండోది, నాకు దీని మీదే ఎక్కువ అనుమానం, సీజీ, అంటే విమానం బరువు తూగే చోటు. బ్యాటరీ వెనక్కి జరిపాను అని మామూలుగా రాసేశారు గానీ 3ఎస్ 2200 అంటే 180 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది, అంత చిన్న విమానంలో అది నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి జరిగితే బరువు తూగే చోటే మారిపోతుంది. తోక బరువైన విమానానికి ముక్కు ఒకసారి లేచిందంటే దానంతటది దిగదు. మాన్యువల్ ఉంటే సీజీ ముందంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లో అందులో ఉంటుంది. లేకపోతే రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా స్కేలుతో కొలిచి, అందులో 25 నుంచి 30 శాతం దగ్గర రెక్కకి రెండు వైపులా గుర్తు పెట్టండి. మీది రెక్క కిందుండే రకం కాబట్టి బోర్లా తిప్పి రెండు చూపుడు వేళ్ల మీద ఆ గుర్తుల దగ్గర నిలబెట్టండి, లేకపోతే వేళ్ల మీద నిలవదు. బ్యాటరీ లోపల పెట్టి, మూత వేసి, ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంచి చూడాలి. సమంగా నిలబడాలి, లేదా ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. తోక వాలిందంటే అది ఎగరడానికి సిద్ధంగా లేదన్నట్టే.

మూడోది విసిరిన తీరు. పైకి విసరకూడదు. గాలికి ఎదురుగా, భుజం ఎత్తులో, నేలకి సమాంతరంగా తొయ్యాలి. పూర్తి థ్రాటిల్‌లో, ఇంకా వేగం పుంజుకోకముందు, ప్రొపెల్లర్ తిరిగే దిక్కుకి వ్యతిరేకంగా విమానం వాలాలని చూస్తుంది. మామూలు ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, అంటే విమానం ఎడమకి వాలుతుంది. మీది ఎడమకే పోయింది కదా.

ఈ మూడూ చూసి కొలతలు ఇక్కడ రాయండి.


పాతట్రైనర్:

కారణం గాలివాటం గారు చూసుకుంటారు, నేను ముందు సంగతి చెప్తాను. చాలా ఏళ్లుగా కొత్తవాళ్ల పక్కన నిలబడి నేర్పిస్తున్నాను, పది మందిలో ఎనిమిది మంది ఫైటర్‌తోనే వస్తారు, ఎందుకంటే మనసు పడేది దాని మీదే. ఆ ఇష్టం నాకూ తెలుసు. కానీ ఆ విమానాన్ని బాగుచేసి అటక మీద పెట్టండి, ఆర్నెల్ల తర్వాత దించుదురు గాని.

రెక్క కిందుండే ఫైటర్‌ని ఎటు వాల్చితే అటే ఉండిపోతుంది, మీరు దిద్దేదాకా. ట్రైనర్, అంటే నేర్చుకోవడానికని చేసిన విమానం, అలా కాదు. రెక్క బాడీ పైన ఉంటుంది, రెండు రెక్కలూ కొసల దగ్గర కాస్త పైకి లేచి ముందు నుంచి చూస్తే విప్పిన పుస్తకంలా ఉంటాయి, దాన్ని డైహెడ్రల్ అంటారు. ఒక రెక్క వాలితే విమానం అటు జారుతుంది, జారినప్పుడు పక్క నుంచి వచ్చే గాలికి వాలిన రెక్క ఎక్కువ ఎదురై పైకి లేస్తుంది. మీరు కంగారుపడి స్టిక్కులు వదిలేసినా, ఎత్తు ఉంటే, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. మొదటి నెలలో మీకు కావాల్సింది ఇదే, ఆలోచించుకునే వ్యవధి.

సైజు 1.2 నుంచి 1.5 మీటర్లు తీసుకోండి. చిన్నది చవగ్గా ఉంటుంది గానీ చిన్నపాటి గాలికే కాగితంలా ఊగుతుంది, పైగా వంద మీటర్ల దూరం వెళ్లేసరికి అటు పోతోందో ఇటు వస్తోందో కళ్లకి తెలియదు. రెక్క అడుగున ఒక రంగు, పైన ఇంకో రంగు ఉన్నది చూసుకోండి, లేకపోతే అడుగున నల్ల టేపు పట్టీలు అంటించండి, చాలా తేడా తెలుస్తుంది. మోటార్ ముక్కు దగ్గర కాకుండా రెక్క వెనక ఉండే రకాలు కూడా ఉన్నాయి, మల్టీప్లెక్స్ వాళ్ల ఈజీస్టార్ అలాంటిదే, హాబీకింగ్ బిక్స్‌లర్ కూడా. ముక్కు మీద పడ్డా ప్రొపెల్లర్, మోటార్ బతికిపోతాయి. ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది వాటి మీద నేర్చుకున్నారు.

మూడు ఛానెళ్లంటే థ్రాటిల్, ఎలివేటర్, రడ్డర్. నాలుగోది ఐలరాన్. మూడింటితో నేర్చుకోవచ్చు, కానీ మీరు ఎప్పటికైనా ఆ ఫైటర్‌కి తిరిగి వెళ్తారు కాబట్టి నాలుగుతోనే మొదలుపెట్టండి, కుడి చేతికి మొదట్నుంచీ ఐలరాన్ అలవాటవుతుంది. అన్నట్టు మీ రిమోట్ మోడ్ 2 కదా? ఎడమ స్టిక్‌లో థ్రాటిల్, రడ్డర్, కుడి స్టిక్‌లో ఎలివేటర్, ఐలరాన్. మోడ్ 1 అయితే ఎలివేటర్, థ్రాటిల్ చేతులు మారతాయి. ఏదైనా తప్పు కాదు, కానీ మీకు నేర్పేవాళ్లది ఏ మోడ్ అయితే మీదీ అదే ఉండాలి.

సిమ్యులేటర్ సంగతి. అది గేమ్ కాదండీ, మీ రిమోట్‌నే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి అదే స్టిక్కులతో నేర్చుకుంటారు. పికాసిమ్ ఉచితం, రియల్‌ఫ్లైట్ కొనాలి, మొదలుపెట్టడానికి ఉచితమైనదే చాలు. అందులో గింగిరాలు కొట్టొద్దు. ఒక్క పని చేయండి. విమానాన్ని మీ నుంచి దూరంగా పంపి, తిప్పి, నేరుగా మీ మీదికి రప్పించండి. కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా పోయేది ఇక్కడే, అది మీకు ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మీ ఎడమ అవుతుంది, చెయ్యి తప్పు వైపు పోతుంది. దీనికి నేను చెప్పే కిటుకు ఒకటే: మీ కళ్లకి ఏ వైపు రెక్క కిందికి వాలినట్టు కనిపిస్తే స్టిక్‌ని ఆ వైపుకే తొయ్యండి, వాలిన రెక్క కింద గుంజ పాతి నిలబెట్టినట్టు. మొదట్లో గుర్తు చేసుకుని తోస్తారు, పది గంటలయ్యాక చెయ్యే వెళ్తుంది. రోజుకి ఇరవై నిమిషాలు, పాపతో వంతులేసుకుని చేయండి. పిల్లలకి ఇది మనకంటే తొందరగా పట్టుబడుతుంది, నేను చూస్తూనే ఉన్నా.

ఇక మనిషి తోడు. రెండు రిమోట్లని కేబుల్‌తోనో వైర్‌లెస్‌గానో కలిపి, నేర్పేవారి చేతిలో ఒక స్విచ్ ఉంచుకుంటారు, స్విచ్ వదిలితే విమానం వెంటనే వాళ్ల చేతికి వచ్చేస్తుంది. మీ దగ్గర్లో ఎగరేసేవాళ్లు ఉంటే వెళ్లి అడగండి, మొహమాటపడొద్దు. ఈ హాబీలో నేర్పడానికి కాదనేవాళ్లని నేను చాలా తక్కువ మందిని చూశాను.


ఫోమ్‌బోర్డు:

పాతట్రైనర్ గారి మాటకి ఒక్క చోట అడ్డం చెప్తాను. రెడీమేడ్ ట్రైనర్ కొంటే ఎగరడం వస్తుంది, విమానం రాదు. నేనైతే ఫోమ్ బోర్డు షీటు కోసి, గ్లూ గన్‌తో అతికించి చేసుకోమంటాను. ఫ్లైట్ టెస్ట్ వాళ్ల టైనీ ట్రైనర్ లాంటివాటికి ప్లాన్లు ఉచితంగా దొరుకుతాయి, ముందు మూడు ఛానెళ్లతో ఎగరేసి తర్వాత అదే బాడీకి ఐలరాన్ల రెక్క మార్చుకోవచ్చు. సర్వో (పలకల్ని కదిపే చిన్న మోటార్) ఎందుకు అక్కడుంది, పుష్‌రాడ్ (సర్వోని పలకకి కలిపే తీగ) కన్నం ఒకటి మారిస్తే ఐలరాన్ ఎంత ఎక్కువ తిరుగుతుంది, సీజీ ఎందుకు, ఇవన్నీ చేత్తో చేసినప్పుడు తెలుస్తాయి. కూలితే సాయంత్రం కూర్చుని కొత్త రెక్క కోసుకుంటారు, మనసు కూడా అంత కష్టపడదు. పన్నెండేళ్ల పాప ఉందన్నారు కదా, తన చేత కోయించండి, తన పేరు రాయించండి.

ఇంకోటి, ఇప్పుడు జైరోతో, అంటే వాలడాన్ని పసిగట్టి దిద్దే పరికరంతో, వచ్చే ట్రైనర్లు చాలా ఉన్నాయి, స్టిక్ వదిలితే అదే సమంగా నిలబెడుతుంది. నాకు నచ్చదు, అలవాటు పడితే చెయ్యి నేర్చుకోదు.


పాతట్రైనర్:

కట్టుకోవడం గురించి మీరన్నది నిజమే, నాకు అభ్యంతరం లేదు. కానీ చేత్తో కట్టిన మొదటి విమానంలో రెక్క కొద్దిగా మెలిపడి ఉంటే, ఎగరకపోవడానికి కారణం విమానమా, ఎగరేసేవాడా అన్నది కొత్తవాళ్లకి తెలియదు. అందుకే ఒకటి సరిగ్గా ఎగిరేది చేతిలో ఉంచుకుని, రెండోది కట్టమంటాను. జైరో సంగతికొస్తే, ఆఫ్ చేసుకునే స్విచ్ ఉన్నది తీసుకోండి. మొదటి నాలుగైదు సార్లు ఆన్‌లో, తర్వాత పైకి వెళ్లాక ఆఫ్ చేసి తిప్పడం, కష్టమైతే మళ్లీ ఆన్. పక్కన నేర్పేవాళ్లు లేనివాళ్లకి అది పెద్ద ఆసరా.


మిల్లీవోల్టు:

బ్యాటరీ భయం గురించి నేను రాస్తాను, నా ఉద్యోగమే బ్యాటరీలతో. మీ భయం సరైనదే, కానీ నియమాలు తక్కువ, పాటిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు.

3ఎస్ అంటే మూడు సెల్స్ వరసగా కలిపారని. ఒక్కో సెల్ నామినల్ 3.7 వోల్టులు, అందుకే మీ బ్యాటరీ మీద 11.1 అని ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు సెల్‌కి 4.2. అంతకంటే పైకి ఎక్కించకూడదు, వాడేటప్పుడు 3 వోల్టుల కిందికి అసలు పోనివ్వకూడదు. మీరు ఎగరేసి దించాక, ఐదు నిమిషాలు ఆగి కొలిస్తే సెల్‌కి 3.7 నుంచి 3.8 మధ్య ఉండేలా టైమర్ పెట్టుకోండి. మొదటిసారి నాలుగు నిమిషాలకే దించేసి కొలవండి, ఎంత మిగిలిందో చూసి అర నిమిషం చొప్పున పెంచుకోండి. మోటార్ ఆగేదాకా ఎగరేయడం అలవాటు చేసుకోవద్దు. వోల్టేజీ పడిపోతే ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్) మోటార్‌ని ఆపేసి మిగిలిన కరెంటుని రిసీవర్‌కీ సర్వోలకీ ఉంచుతుంది, అంటే గ్లైడ్ చేస్తూ దించుకోవచ్చు, కానీ అప్పటికి బ్యాటరీ మీద దెబ్బ పడుతూనే ఉంటుంది.

ఛార్జింగ్: తెల్ల రంగు చిన్న బ్యాలెన్స్ కనెక్టర్ ఉంటుంది చూడండి, అది కూడా ఛార్జర్‌కి పెట్టి ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే చేయండి. కరెంటు 1సీ, అంటే 2200కి 2.2 ఆంపియర్లు, గంటకి కాస్త అటూ ఇటూగా నిండుతుంది. ఛార్జర్‌లో లైపో అనే ఎంచుకున్నారా, మూడు సెల్స్ అనే చూపిస్తోందా అన్నది బటన్ నొక్కే ముందు ప్రతిసారీ చదవండి, ప్రతిసారీ. నేల టైల్స్ మీదో ఇటుకల మీదో పెట్టండి, మంచం మీద, పుస్తకాల దగ్గర వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఛార్జ్ అవుతున్నంత సేపూ మీరు అదే గదిలో మెలకువగా ఉండాలి. రాత్రి పెట్టి పడుకోవడం, పెట్టి బయటికి వెళ్లడం రెండూ వద్దు.

వారం ఎగరేయకపోతే నిండుగా ఉంచొద్దు, ఛార్జర్‌లో స్టోరేజ్ అనే మోడ్ ఉంటుంది, అది సెల్‌కి 3.8 దగ్గర ఆపుతుంది. ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు.

ఇప్పుడు మీ పని ఒకటుంది. ఆ కూలిన విమానంలోని బ్యాటరీని ఇంకా ఛార్జ్ చేయలేదు కదా? చేయకండి. ముందు బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి, ఉబ్బిందా, మూల నొక్కుకుపోయిందా, కవరు చిరిగిందా, తియ్యటి రసాయనం వాసన వస్తోందా. వీటిలో ఏది ఉన్నా అది ఇక విమానానికి పనికిరాదు. ఇంటి బయట, అంటుకునేవేవీ లేని చోట పెట్టి, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి, మామూలు చెత్తలో వేయొద్దు. దెబ్బ తిన్న బ్యాటరీ వెంటనే ఏమీ కాకపోయినా తర్వాత ఛార్జింగ్‌లో పెట్టినప్పుడు తిరగబడుతుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా తమ్ముడూ.


కొత్తరెక్క:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అక్కా, బ్యాటరీ ఒక మూల నొక్కుకుపోయి ఉంది. నిజానికి ఇవాళ సాయంత్రం ఛార్జ్ చేద్దామనుకున్నా. పక్కన పెట్టేశాను, ఇచ్చేస్తాను.

గాలివాటం గారూ, ప్రొపెల్లర్ ఎలాగూ లేదు కాబట్టి వెంటనే చూశాను. ఐలరాన్లే తిరగబడి ఉంటాయని దాదాపు ఖాయం చేసుకున్నా, కానీ కుడికి తోస్తే కుడిది పైకే లేచింది. ఎలివేటర్, రడ్డర్ కూడా సరిగ్గానే ఉన్నాయి. తర్వాత కొలిచాను. రెక్క వెడల్పు 180 మిల్లీమీటర్లు. నలిగిన ముక్కుని సర్ది, విరిగిన ప్రొపెల్లర్ ముక్కలు కూడా టేపుతో అక్కడే అంటించి, బ్యాటరీని ఆ రోజు ఉన్న చోటే పెట్టి, పాపా నేనూ చెరో వైపు వేలు పెట్టి బోర్లా నిలబెట్టాం. ముందంచు నుంచి 80 దగ్గర తూగింది. 80ని 180తో భాగిస్తే 44 శాతం. మీరు చెప్పినట్టు 50 దగ్గర పెట్టగానే తోక ధబ్బున వాలింది.

కానీ ఒక సందేహం. ఐలరాన్లు సరిగ్గా ఉంటే నేను కుడికి తోసినప్పుడు ఎడమకి ఎందుకు తిరిగింది?


గాలివాటం:

44 శాతం. అదే. ఆ విమానం మీ స్నేహితుడి చేతిలోంచి బయల్దేరిన క్షణంలోనే పడిపోవడం ఖాయమైంది, దాన్ని అనుభవం ఉన్నవాళ్లు కూడా నిలబెట్టడం కష్టం.

మీ సందేహానికి జవాబు చెప్పాలంటే ఆ నాలుగు సెకన్లు మెల్లగా చూడాలి. పైకి విసిరారు, తోక బరువు, ముక్కు లేస్తూనే ఉంది. ముక్కు లేచేకొద్దీ వేగం తగ్గుతుంది, రెక్క గాలిని కోసే కోణం పెరుగుతుంది. ఆ కోణం ఒక హద్దు దాటితే, చాలా రెక్కలకి అది 15 డిగ్రీల ప్రాంతం, రెక్క పైనుంచి జారే గాలి రెక్కని అంటిపెట్టుకుని ఉండదు, విడిపోతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. స్టాల్ అంటే ఇదే. మీకు "ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు" అనిపించింది చూడండి, అదే ఆ ఘడియ.

రెండు రెక్కలూ ఒకేసారి స్టాల్ కావడం అరుదు. ప్రొపెల్లర్ వల్ల ఎడమ ముందు పోయింది. అప్పుడు మీరు కుడికి తోశారు. కుడికి తోస్తే ఎడమ ఐలరాన్ కిందికి దిగుతుంది కదా, మామూలప్పుడు అది ఎడమ రెక్కని లేపుతుంది. కానీ ఇప్పటికే హద్దు దాటిన రెక్కకి ఐలరాన్ కిందికి దించడమంటే ఆ రెక్క కోణాన్ని ఇంకా పెంచడమే. అది ఇంకా లోతుగా స్టాల్ అయి, ఇంకా ఎడమకి పడింది. మీ చెయ్యి సరైన వైపే వెళ్లింది, రెక్కే వినే స్థితిలో లేదు.

అలాంటప్పుడు చేయాల్సింది మనసుకి ఎక్కని పని: ఎలివేటర్ స్టిక్‌ని వదిలి కాస్త ముందుకి తొయ్యాలి, ముక్కు కిందికి దించి వేగం రానివ్వాలి, రెక్క మళ్లీ గాలిని పట్టుకున్నాక ఐలరాన్‌తో సమం చేయాలి. నేల దగ్గరగా ఉన్నప్పుడు ముక్కు దించాలంటే ఎవరికీ చెయ్యి రాదు, కాబట్టి దీన్ని సిమ్యులేటర్లో పైకెళ్లి యాభై సార్లు చేయండి. థ్రాటిల్ తగ్గించి, ఎలివేటర్ లాగి పట్టుకుని కావాలనే స్టాల్ చేయడం, దించి సర్దుకోవడం.

ఫైటర్ ముక్కు నలిగిందన్నారు, అది ఈపీఓ ఫోమ్ అయితే మరిగిన నీళ్లు జాగ్రత్తగా దాని మీద పోయండి, నలిగిన గింజలు ఉబ్బి చాలావరకు పాత ఆకారానికి వస్తాయి. పాపని దూరంగా ఉంచి మీరే చేయండి.


పాతట్రైనర్:

చెప్పడం మరిచిపోయాను, మైదానానికి మళ్లీ వెళ్లే ముందు ఇంకో రెండు ఉన్నాయి. రిమోట్‌లో రేంజ్ చెక్ ఉంటుంది, సిగ్నల్ బలాన్ని బాగా తగ్గిస్తుంది. విమానాన్ని ఒకరి చేత పట్టించి ముప్పై అడుగులేసి దూరంగా వెళ్లి స్టిక్కులు కదపండి, సర్వోలు తడబడకుండా కదలాలి. రిసీవర్ యాంటెన్నా తీగలు రెండుంటే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా అంటించండి. తర్వాత ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటార్ ఆగే ఏర్పాటు: ఎవరైనా విమానాన్ని గట్టిగా పట్టుకుని ఉండగా, ప్రొపెల్లర్ విప్పి, థ్రాటిల్ కొద్దిగా ఇచ్చి రిమోట్ ఆపేయండి. మోటార్ వెంటనే ఆగిపోవాలి. ఆగకపోతే సరిచేసేదాకా ఎగరేయకండి, సిగ్నల్ పోయిన విమానం పూర్తి వేగంతో ఎవరి మీదికైనా వెళ్లొచ్చు.

చోటు సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ, మనుషులు, పశువులు, రోడ్డు, కరెంటు తీగలు లేని చోటు, ఎయిర్‌పోర్టుకి దూరంగా. చాలా దేశాల్లో 120 మీటర్ల ఎత్తు దాటకూడదని, 250 గ్రాములు దాటిన వాటికి వేరే నిబంధనలని ఉంటాయి, మీ దగ్గర ఏం వర్తిస్తాయో చూసుకోండి. సూర్యుడు వెనకుండేలా నిలబడండి.


కొత్తరెక్క:

ఆరు వారాలైంది, చెప్పి తీరాలని వచ్చాను.

సిమ్యులేటర్ మీద నేను పన్నెండు గంటలు, పాప అంతకంటే ఎక్కువే చేశాం. ఎదురుగా వచ్చేటప్పుడు గుంజ పాతినట్టు అన్నారు చూడండి, మొదటి వారం నోటితో అనుకుంటూ తోశాను, ఇప్పుడు అనుకోవట్లేదు. రెక్క పైనుండే 1.4 మీటర్ల ట్రైనర్ తీసుకున్నాం, జైరోకి స్విచ్ ఉంది. దగ్గర్లో ఎగరేసే ఒక పెద్దాయన్ని వెతుక్కుని వెళ్లి అడిగాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు, ఆయన రిమోట్‌కి నాది కలిపారు. ఎగరేసే ముందు విమానాన్ని ఆయన చేతికిస్తే ఏమీ మాట్లాడకుండా రెండు వేళ్ల మీద నిలబెట్టి చూసి, తలూపి తిరిగిచ్చారు.

పైకి ఆయన తీసుకెళ్లారు. పదంతస్తుల ఎత్తుకి వెళ్లాక "ఇప్పుడు మీదే" అని స్విచ్ నొక్కారు. బొటనవేళ్లు వణికాయి. సగం థ్రాటిల్ మీద నేరుగా పోతోంది, నేనేమీ చేయకపోయినా పోతోంది, ఆ సంగతి అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఎడమకి కొద్దిగా వాల్చి, ఎలివేటర్ కొద్దిగా లాగితే, ముక్కు దిగకుండా గుండ్రంగా తిరిగింది. రెండుసార్లు స్విచ్ వెనక్కి తీసుకున్నారు, ఒకసారి నేను ఎత్తు పోగొట్టుకున్నప్పుడు, ఇంకోసారి గాలి వాలుకి మరీ దూరం పోయినప్పుడు. టైమర్ మోగాక ఆయనే దించారు. బ్యాటరీ కొలిస్తే సెల్‌కి 3.81. అక్కా, అర నిమిషం పెంచుకోవచ్చన్నమాట.

రెండో బ్యాటరీ పాపకిచ్చాం. ఆయన పాప దగ్గర ఒక్కసారి కూడా స్విచ్ తీసుకోలేదు, దించేటప్పుడు తప్ప. తనకి పై వారం దింపడం నేర్పుతానన్నారు, నాకు ఇంకా రెండు వారాలు పడుతుందట.

ఫైటర్‌కి మరిగిన నీళ్లు పోశాను, ముక్కు చాలావరకు వచ్చింది. మోటార్ మౌంటు మార్చాను. బ్యాటరీ వైర్లు మడతపడకుండా గూట్లో ముందు గోడని ఒక సెంటీమీటరు కోశాను, ఇప్పుడు బ్యాటరీ ముందుకి వెళ్లి మూత కూడా పడుతోంది, 52 దగ్గర తూగుతోంది. అటక మీదే ఉంది.

ఫోమ్‌బోర్డు గారూ, టైనీ ట్రైనర్ ప్లాను ప్రింటు తీశాం. రెక్క మడత పెట్టేటప్పుడు లోపలి కాగితం పొర తీసేయాలా, గీత కోసి వదిలేస్తే చాలా? పాప కత్తి పట్టుకుని కూర్చుంది, కాస్త తొందరగా చెప్పండి.


ఫోమ్‌బోర్డు:

మడత వచ్చే చోట మాత్రమే లోపలి కాగితం, ఫోమ్ కోసి, బయటి కాగితం తెగకుండా వదిలేయండి. మిగతా చోట కాగితం ఉంచండి, బలమంతా దానిదే. మొదటి గీత పనికిరాని ముక్క మీద కోయించండి, బ్లేడు ఎంత లోతుకి దిగాలో తన చేతికి తెలుస్తుంది.